ఆపోజిట్ అంటే రోడ్డుకు అవతల!

ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్ల మెసేజ్ ఇందాకే చూశాను. అడ్రస్ "ఆపోజిట్ బస్ డిపో" అట. సెంటరేమో డిపో ప్రహరీని ఆనుకుని, డిపో ఉన్న వైపే ఉంది! ఫాస్టింగ్ షుగర్ టెస్టుకని పరగడుపున బయల్దేరిన పెద్దావిడ ఆ మాట నమ్మి డివైడర్ అవతల ఆటో దిగితే, అంత రోడ్డూ ఎలా దాటుతుంది?

డిపో గేటుకు వీపు పెట్టి నిలబడండి. రోడ్డు దాటాక మీ మొహానికి సూటిగా ఉన్నదే ఆపోజిట్. దాటక్కర్లేకుండా గేటు ముందే ఉన్న టీ బండి ఇన్ ఫ్రంట్ ఆఫ్. మీ భుజం వైపు, గోడకు గోడ ఉన్నది నెక్స్ట్ టు, లేదా బిసైడ్. దానికి చివర ఎస్ తగిలించి బిసైడ్స్ అని బోర్డులు రాయిస్తున్నారు, ఆ మాటకు అర్థం "అంతేకాక" అండీ! అవతలి వైపే ఉండి నాలుగు షాపులు పక్కకు జరిగితే డయాగనల్లీ ఆపోజిట్, అంటే మన ఐమూలగా. ఇంకోటి, ఆపోజిట్ ద బ్యాంక్ అంటే చాలు. ఆఫ్ మాత్రం పెట్టకండి, ఆపోజిట్ ఆఫ్ అంటే వేడికి చల్లన లాగా వ్యతిరేకం.

హైదరాబాద్‌లో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఫ్లైఓవర్ పిల్లర్ నంబరు ఇచ్చి ఆపోజిట్ అనడం మరీ ఘోరం. పిల్లర్ రోడ్డు మధ్యలో ఉంటుంది, రెండు వైపులా దానికి ఎదురే! "మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ వెళ్తుంటే ఎడమ చేతి వైపు" అని రాయండి, ఎవరైనా నేరుగా వచ్చేస్తారు.

అసలు తప్పంతా బడిలోనే జరిగింది. ఆపోజిట్ అంటే ఎదురుగా, ఇన్ ఫ్రంట్ ఆఫ్ అన్నా ఎదురుగా అని బట్టీ పట్టించారు. ఎదురిల్లు అంటే మధ్యలో వీధి ఉంటుందని ఐదేళ్ల పిల్లకీ తెలుసు. ఇంటి ముందు అంటే ముగ్గు వేసే చోటు, వీధికి ఇవతలే. ఈ తేడా పిల్లల నోట్లోనే ఉంది కదా, దాంతోనే ఇంగ్లిష్ చెప్పొచ్చు కదా! చెప్పరు. క్లాసులో తెలుగు మాట వినిపిస్తే ఫైన్ వేసే బళ్లూ ఉన్నాయి. ఆ ఫైన్లు కట్టిన పిల్లలే పెద్దయ్యి ఈ బోర్డులు రాయిస్తున్నారు, రెండు భాషలూ సరిగ్గా అందక.

ఆ సెంటర్ వాళ్లు మెసేజ్ ఈరోజే మార్చాలి. "బస్ డిపో పక్కన, డిపో వైపే, ప్రహరీని ఆనుకుని." తెలుగులోనే పంపండి, పెద్దావిడ ఆటో అబ్బాయికి చదివి చెప్పుకుంటుంది.