కిటికీ సీటు కెప్టెన్లు

పౌర విమానయాన శాఖవారు ఇక ఏమాత్రం జాప్యం చేయకుండా తీసుకోవలసిన నిర్ణయం ఒకటి ఉంది. జనవరి ఉదయాల్లో గన్నవరం మీద మంచు కమ్మినప్పుడు విమానం దింపే బాధ్యతను పైలట్ల నుంచి తప్పించి, పదిహేడో వరుసలో కిటికీ పక్కన కూర్చునే పెద్దమనిషికి అప్పగించాలి. ఆయనను మీరంతా ఎరుగుదురు. విమానం దిగినట్టే దిగి, ఇంజన్లు ఒక్కసారిగా హోరెత్తి, మళ్లీ పైకి లేవగానే, "దింపడం చేతకానివాడిని కూర్చోబెట్టారండీ!" అని నలుగురికీ వినపడేలా తీర్పు చెప్పేది ఆయనే.

ఆయన వాదనలో పస లేకపోలేదు. "నాకు చెరువు గట్టు కనపడుతోంది, గట్టు మీద గేదెలు కనపడుతున్నాయి, ఆయనకు అంత పొడుగు రన్‌వే కనపడలేదా?" అవును, కనపడలేదు. నిలువుగా కిందికి చూసేవారికి వంద అడుగుల మంచు వంద అడుగులే. మూడు డిగ్రీల వాలులో దిగుతూ ముందుకు చూసేవారికి అదే మంచు దాదాపు 1,900 అడుగుల దళసరి తెర. అయితే ఈ లెక్క గేదెలకు పట్టదు, పెద్దమనిషికీ పట్టదు.

ఆయన కాక్‌పిట్‌లోకి వస్తే మొదట రద్దయ్యేది బ్రీఫింగ్. దిగడం మొదలుపెట్టక ముందే పైలట్లిద్దరూ చార్టు తెరిచి, రేడియో సంకేతాలతో రన్‌వేకు దారి చూపే ఐఎల్‌ఎస్ ఫ్రీక్వెన్సీ ఎంత, రన్‌వేకు చేర్చే కోర్సు ఎంత, ఏ ఎత్తులో నిర్ణయం తీసుకోవాలి, రన్‌వే కనపడకపోతే ఎటు తిరిగి ఎంత ఎత్తుకు ఎక్కాలి అని పైకి చదువుకుంటారు. దిగకముందే దిగలేకపోవడం గురించి మాట్లాడుకోవడమేమిటి, అపశకునం కాదూ? ముహూర్తం పెట్టుకుంటూ విడాకుల కాగితాలు రాయించుకున్నట్టు! తరువాత పోయేది 'మినిమమ్స్', అంటే రన్‌వే కనపడకుండా ఇంతకంటే కిందికి దిగకూడదన్న హద్దు. ఐఎల్‌ఎస్ సాయంతో దిగే పద్ధతుల్లో మొదటి మెట్టైన క్యాటగిరీ-1 అప్రోచ్‌లో సాధారణంగా 200 అడుగుల ఎత్తు దగ్గర రన్‌వే గానీ దాని దీపాలు గానీ కనపడకపోతే మారు మాట లేకుండా పైకి లేవాలి. పెద్దమనిషి దీన్ని బేరం కింద తీసుకుంటారు. "రెండు వందలన్నారు, నూట యాభైకి ఖాయం చేసుకుందాం. కాస్త దించండి బాబూ, రన్‌వే ఎక్కడికి పోతుంది?" నిమిషానికి 700 అడుగుల చొప్పున దిగే విమానానికి 200 అడుగులంటే పదిహేడు సెకన్లు. మన బేరాల్లో అది గొంతు సవరించుకోవడానికి కూడా చాలదు.

ఢిల్లీలో 50 మీటర్ల దృశ్యమానతలో కూడా దింపుతారు కదా అని ఆయన అడగకమానరు. దింపుతారు. దానికి క్యాటగిరీ-3బి పరికరాలు నేల మీదా ఉండాలి, విమానంలోనూ ఉండాలి, పైలట్లకు ప్రత్యేక శిక్షణా ఉండాలి. ఈ మూడింటికీ బదులు ఆయన దగ్గర ఉన్నది శంషాబాద్‌లో దిగగానే బావకు ఫోన్ చేసి, "మనవాడికి చేతకాక హైదరాబాద్ పట్టుకొచ్చాడు బావా" అని చెప్పడానికి సరిపడా ఛార్జింగు.

ఈ వెటకారం వెటకారంగానే ఆగిపోతే నాకు అభ్యంతరం లేదు, కానీ ఆగదు. 2024 జనవరిలో మంచు కమ్మిన ఢిల్లీలో, విమానం ఆలస్యమవుతుందని చెబుతున్న పైలట్ మీద ఒక ప్రయాణికుడు చెయ్యి చేసుకున్నాడు. పైకి లేవడం చేతకానితనమన్న రోగం మన నోళ్లలోనే ఉంటే సరే. కాక్‌పిట్‌లోకి పాకితే ఏమవుతుందో 2010 మే 22న మంగళూరులో చూశాం. ఆ ఉదయం మంచు అడ్డం లేదు, రన్‌వే కనపడుతూనే ఉంది. విమానం ఉండవలసిన ఎత్తు కంటే చాలా పైన ఉంది. "గో అరౌండ్", అంటే దిగడం మాని మళ్లీ పైకి లేవమని, కో-పైలట్ మూడుసార్లు అన్నాడని దర్యాప్తు నివేదికే చెబుతోంది. కెప్టెన్ వినలేదు. కొండ మీద చదును చేసిన ఆ రన్‌వే సగం దాటాక నేలను తాకిన విమానం అంచు దాటి లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది చనిపోయారు. మూడుసార్లు చెప్పాడండీ, మూడుసార్లు! అందులో ఒక్కసారి విని ఉంటే వాళ్లంతా కాస్త ఆలస్యంగా దిగి, పైలట్‌ను నోరారా తిట్టుకుంటూ ఇళ్లకు చేరేవారు.