ఈసీజీ బాగుంది, మనిషే బాగా లేడు

అమెరికాలో ఉన్న మన సంఘం ఊళ్లో జరిపిన డిసెంబర్ సేవా డేస్ వీడియో మీరంతా చూసే ఉంటారు. మన వాట్సాప్ గ్రూపుల్లో అది తిరగని గ్రూపు లేదు. దేవరకొండ దగ్గర పెట్టిన ఉచిత గుండె వైద్య శిబిరం, డ్రోన్ షాట్లు, షామియానా, బ్యానరు మీద మన కార్యవర్గం ఫొటోలు. మధ్యలో ఒక పెద్దాయన వస్తాడు. స్టెంటు, అంటే మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం, వేయించుకున్న మనిషి. నోటి ముందు మైకు పెడితే, "మందులు మంచిగనే ఏసుకుంటున్న సారూ. పాణమే మంచిగ అనిపిస్తలేదు. ఊకె ఏడుపొస్తది" అన్నాడు. మైకు పట్టుకున్న మనవాడు వెంటనే, "గుండెకు స్టెంటు ఏసిండ్రు, ఇగ కండ్లకు గూడ ఏయాల్నా పెద్దాయనా?" అన్నాడు. షామియానా అంతా నవ్వింది. శాలువా కప్పారు, ఫొటో తీశారు, తర్వాతి మనిషిని పిలిచారు.

ఆ వీడియో కింద వరసగా చప్పట్ల బొమ్మలు చూసి నాకు కడుపు మండింది.

శిబిరాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. సెలవులు పెట్టుకుని, సొంత టికెట్లతో వెళ్లిన డాక్టర్లున్నారు. ఈసీజీ, టూడీ ఎకో (గుండె స్కానింగ్), షుగరు, బీపీ అన్నీ ఒకే చోట చేయించుకున్న ఊళ్లున్నాయి. ఆ మైకు అబ్బాయి కూడా చెడ్డవాడేం కాదు. మన ఇళ్లల్లో ఎవరైనా ఏడిస్తే మనం చేసేదే అతను స్టేజీ మీద చేశాడు.

మా అన్న సంగతి చెబుతాను. గుర్రంపోడు వైపు మాకు బత్తాయి తోట ఉంది. బోర్లు ఎండిన ఏళ్లలో ట్యాంకర్లతో నీళ్లు పోయించి చెట్లు బతికించిన మనిషి అన్న. రెండేళ్ల కింద చలికాలం, తెల్లారుజామున ఛాతీ పట్టేసింది. గ్యాస్ అనుకుని సోడా తాగాడట, అది మన జిల్లా ఆచారం. పొద్దెక్కాక నల్లగొండలో ఈసీజీ తీసి హైదరాబాద్ పంపించారు. స్టెంటు పడింది. ఆరోగ్యశ్రీ ఉంది కాబట్టి డబ్బు బాధ రాలేదు. 2007లో ఆ పథకం తొలుత మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో వైద్యం ఖర్చు పరిమితి పది లక్షలకు పెంచారు. రక్తనాళం మూసుకుపోతే తెరిపించే దారి పేదవాడికి కూడా దొరికింది. చిన్న సంగతి కాదది.

ఇంటికొచ్చాక ఊరు ఊరంతా చూడటానికి వచ్చింది. బత్తాయి తోట ఆసామికి సంచులు సంచులు బత్తాయిలు తెచ్చారు, ఏం చేస్తాం. ఆపిల్ పండ్లు, హార్లిక్స్ డబ్బాలు, కొబ్బరి బోండాలు. మంచం చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో కథ. "మా బామ్మర్దికి గూడ గిట్లనే అయింది అన్నా. నెల దినాలకే పోయిండు" అని ఒకాయన. "రంది పెట్టుకోకు, దేవుడున్నడు" అని ఇంకొకాయన. ఈ పలకరింపులను ఎక్కిరించే ఎన్నారై వ్యాసాలు చాలా చదివాను. నేను ఎక్కిరించను. ఏ రోజూ ఆ ఇంటి గడప ఖాళీగా లేదు. వదిన ఒక్కర్తే కూర్చుని ఏడ్చే అవసరం రాలేదు. ఇక్కడ డాలస్‌లో మనకు గుండెపోటు వస్తే వంతులవారీగా భోజనం పంపడానికి ఎవరో మీల్ ట్రెయిన్ లింకు పెడతారు, గుమ్మం దగ్గర డబ్బా పెట్టి మెసేజ్ కొట్టి వెళ్లిపోతారు.

నెల తర్వాత చుట్టాలు తగ్గారు. అప్పటినుంచి మొదలైంది. అన్న తోటకు పోవడం మానేశాడు. పగలు పడుకుంటాడు, రాత్రి మూడింటికి లేచి కూర్చుంటాడు, మణికట్టు పట్టుకుని నాడి చూసుకుంటాడు. ఛాతీలో చిన్న పట్టు పడితే మళ్లీ వచ్చిందేమోనని చెమటలు. ఏడవడు. కసురుకుంటాడు. మనవడు వీడియో కాల్‌లో కనిపిస్తే ఫోను వదిన చేతికిచ్చి లేచిపోతాడు. చియ్యకూర బంద్, బీడీ బంద్, కల్లు బంద్. డాక్టర్లు చెప్పింది సరైన మాటే. కానీ కల్లుతో పాటు పొద్దుగూకే వేళ తాటిచెట్ల కింద కూర్చునే నలుగురు దోస్తులు కూడా బందయ్యారని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. అక్కడే వానల ముచ్చట, ధరల ముచ్చట, ఒకరినొకరు ఆటపట్టించుకోవడం. మందు చీటీలో అదంతా ఒకే గీతతో కొట్టేశారు.

చెకప్‌కు తీసుకెళ్తే ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, "నీకేం లేదు పెద్దాయనా, ధైర్యంగ ఉండు" అని పంపించారు. ఏం లేదంటే ఇదంతా తన బలహీనతే అనుకున్నాడు అన్న. ఒక రాత్రి వదిన మిద్దె మీదికెక్కి గొంతు తగ్గించి నాకు ఫోన్ చేసింది. "మీ అన్న గోళీలు ఏసుకుంటలేడయ్యా. షీటుల అట్లనే ఉన్నయి. అడిగితే, బతికి ఏం జేస్తనే అంటుండు."

స్టెంటు వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టర్ చెప్పకుండా ఆపితే స్టెంటులోనే గడ్డకట్టవచ్చు, ప్రాణం పోవచ్చు. మన డాక్టర్ సభ్యులు ప్రతి హెల్త్ సెమినార్‌లో చెప్పే మాటే ఇది. ఆ మాత్రలు మనిషి ఎందుకు మానేస్తాడో మాత్రం సెమినార్‌లో చెప్పరు. గుండెపోటు వచ్చినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి పూర్తిస్థాయి డిప్రెషన్ వస్తుంది, అంతకంటే తేలికపాటి దిగులు ఇంకా చాలామందికి ఉంటుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లను డిప్రెషన్ గురించి అడిగి తెలుసుకోవాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2008లోనే సూచించింది. గుండెపోటు తర్వాత కోలుకోవడాన్ని దెబ్బతీసే ముప్పుల్లో దీన్నీ లెక్కవేయాలని ఆ సంస్థ నిపుణుల బృందం 2014లో రాసింది. డిప్రెషన్ ఉన్న మనిషి నడవడు, నిద్రపోడు, మాత్రలు వదిలేస్తాడు. మళ్లీ గుండె దగ్గరికే వస్తుంది వ్యవహారం.

మానసిక వైద్యుడి దగ్గరికి పోదామంటే వదిన భయపడింది. "ఎర్రగడ్డకు తోలిస్తవా మీ అన్నను?" అంది. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు అది. ముందు అమావాస్యకు చెర్వుగట్టుకు తీసుకుపోయింది. రామలింగేశ్వరుడి గుట్ట మీద జనం మధ్య ఆ రాత్రి నిద్ర చేశాడట, చాలా రోజులకు కునుకు పట్టిందట. నేను కాదనలేదు. ఆ తర్వాతే నల్లగొండలో ఒక సైకియాట్రిస్టును చూడటానికి ఒప్పుకున్నాడు. ఆయన ముందు గుండె మందుల చీటీ అడిగి చూశాడు. డిప్రెషన్‌కు వాడే పాత రకం మాత్రల్లో కొన్ని గుండె జబ్బువాళ్లకు మంచివి కావు. సెర్ట్రలిన్ లాంటివి గుండె రోగుల మీదే పరీక్షించి చూసినవి. వాటితో కూడా, రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే రక్తస్రావం ముప్పు కాస్త పెరుగుతుంది కాబట్టి ఇద్దరు డాక్టర్లకూ ఒకరి మందులు ఒకరికి తెలియాలి. మాత్ర పనిచేయడానికి వారాలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని వదినకు రెండుసార్లు చెప్పాడట. ఇప్పుడు అన్న తోటకు పోతున్నాడు. అన్ని రోజులూ కాదు. పొద్దుగూకే వేళ ఇప్పటికీ మాట తక్కువే. దోస్తుల దగ్గరికి మాత్రం మళ్లీ పోతాడు, కల్లు లేకుండా, పల్లీలు నములుతూ.

ఇక్కడ అమెరికాలో అంతా సవ్యంగా ఉందని చెప్పబోతున్నాననుకోకండి. మా వీధిలో ఉండే పాలమూరు మిత్రుడికి బైపాస్ అయింది. కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె కోలుకోవడానికి చేయించే శిక్షణలో, ట్రెడ్‌మిల్ మీద నడిపించారు, పక్కన మానిటరు. తొమ్మిది ప్రశ్నల కాగితం చేతికిచ్చారు. నిద్ర, ఆకలి, దిగులు, చావు ఆలోచనలు, అన్నీ అడిగే కాగితం. మావాడు అన్నిటికీ "అస్సలు లేదు" అని గీతలు పెట్టి ఇచ్చేశాడు. ఎందుకురా అంటే, "గ్రీన్‌కార్డు ఫైలుల పడుతదేమో అన్నా" అన్నాడు. వాళ్ల దగ్గర ప్రశ్న ఉంది, అడిగే మనిషి మనవాడు కాదు. ఊళ్లో మనిషి ఉన్నాడు, ప్రశ్న లేదు.

మన సంఘానికి ఈ రెండూ ఉన్నాయి. అందుకే అడుగుతున్నాను. వచ్చే శిబిరంలో ఈసీజీ టేబుల్ పక్కన ఒక గది పెట్టండి, తలుపు వేసుకునేది. మైకు లేని మనిషి ఒకరు కూర్చుని రెండే ప్రశ్నలు అడగాలి. ఈ రెండు వారాల్లో ఏ పని మీదా మనసు పడకపోవడం ఎన్ని రోజులుంది? దిగులుగా, ఇక ఏ ఆశా లేదన్నట్టు ఎన్ని రోజులనిపించింది? డాక్టర్లు వాడే ప్రశ్నలే ఇవి. ఎక్కువ రోజులని జవాబొస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల మానసిక వైద్య విభాగానికి చీటీ రాసివ్వాలి. ఇంటావిడను విడిగా పిలిచి అడగాలి, ఎందుకంటే మాత్రల షీటు లెక్క ఆమెకే తెలుసు. రిపోర్టు ఫైలు అట్ట మీద మన లోగో పక్కన 14416 అచ్చు వేయించండి. 2022 అక్టోబర్‌లో మొదలైన టెలీ మానస్ నంబరు అది, మనసు బాగా లేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సేవ. ఉచితం, రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. "బతికి ఏం జేస్త" అన్న మాట ఎవరి నోట విన్నా శిబిరం దాకా ఆగకూడదు, అప్పుడే ఫోన్ చేయాలి, మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇక్కడ అమెరికాలో ఉన్నవాళ్లకు అలాంటి నంబరే 988 ఉంది.

ఆ పెద్దాయన ముఖం మాత్రం మన యూట్యూబ్ ఛానల్ నుంచి తీసేయండి. ఆయన్ను ఎవరూ అడగలేదు, పెట్టుకోవచ్చా అని.

ఇంకొకటి, ఇది మనమే చేయగలిగింది. శిబిరం అయ్యాక నెల నెలా ఒక ఫోను. మన రాత్రి వాళ్లకు పొద్దున. తోటకు పోతున్నవా, దోస్తులను కలుస్తున్నవా, గోళీలు ఏసుకుంటున్నవా అని అడగడానికి డాక్టర్లు అక్కర్లేదు, నల్లగొండ యాస వచ్చినవాళ్లు చాలు. డ్రోన్ ఖర్చు మానేస్తే ఫోన్ కార్డులకు కూడా మిగులుతుంది, అయినా వాట్సాప్‌కు కార్డులెందుకు. వచ్చే కార్యవర్గ (ఈసీ) మీటింగ్ ఎజెండాలో దీన్ని చేర్చమని సెక్రటరీ గారికి మెయిల్ పెట్టాను. డ్యూటీ లిస్టు వేస్తే నాకు శనివారం రాత్రి ఇవ్వండి. అక్కడ ఆదివారం పొద్దున్నే అవుతుంది కాబట్టి మనుషులు ఇంటి దగ్గరే దొరుకుతారు.