ఆరు ఊళ్ల టీవీకి ఒకే కంట్రోల్ రూమ్ చాలా?

(అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిల్లింగ్స్, గ్రేట్‌ఫాల్స్, మిసూలా, బ్యూట్, బోజ్‌మన్, హెలెనా ఊళ్లలో జాతీయ టీవీ నెట్‌వర్క్ సీబీఎస్‌కి అనుబంధంగా ఉన్న స్టేషన్లన్నీ కలిసి మోంటానా టెలివిజన్ నెట్‌వర్క్. ఇలాంటి గ్రూపు పని అంతా ఒకేచోట చేర్చవచ్చా అన్నది వాదం.)

కిరణ్: అత్తయ్యా, రాష్ట్రం మొత్తం జనాభా పదకొండు లక్షల చిల్లర. అంతమందికి ఆరు చోట్ల స్టూడియోలెందుకు? ఒకచోట బులెటిన్ చేసి అన్ని ఊళ్లకీ పంపితే పోయేదేముంది?

అత్తయ్య: జనం తక్కువే, నేల ఎంతో చూశావా? 3,80,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలు కలిపినా అంత ఉండవు. మిసూలా పక్కన అడవి అంటుకుంటే బిల్లింగ్స్ నుంచి కారులో వెళ్లడానికే ఐదు గంటలు.

కిరణ్: రిపోర్టర్లని ఊళ్లలోనే ఉంచుదామండీ. కంట్రోల్ రూమ్ ఒక్కటే హబ్‌కి, అంటే అన్నిటికీ ఉమ్మడి కేంద్రానికి. ఊళ్లో మెయిన్ స్టూడియో ఉండి తీరాలన్న నిబంధనని 2017లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీయే ఎత్తేసింది కదా.

అత్తయ్య: నిబంధన పోయింది, పని పోలేదు. అత్యవసర హెచ్చరికల సంగతే తీసుకో. ఒక్కో కౌంటీకి, అంటే మన జిల్లా లాంటిదానికి, ఆరంకెల కోడ్ ఉంటుంది. గ్రేట్‌ఫాల్స్ ఉన్న కాస్కేడ్ కౌంటీది 030013, మిసూలా కౌంటీది 030063. తేడా ఒక్క అంకె. స్టేషన్‌లో హెచ్చరికలు అందుకునే డీకోడర్ పెట్టె తన జాబితాలో ఉన్న కోడ్ వస్తేనే హెచ్చరికని తెరమీద వేస్తుంది. ఆరు స్టేషన్ల జాబితాలూ ఒకేచోట ఎక్కించేటప్పుడు ఈ రెండు కోడ్‌లూ తారుమారయ్యాయనుకో, గ్రేట్‌ఫాల్స్ సుడిగాలి హెచ్చరిక మిసూలాలో పరిగెడుతుంది, గ్రేట్‌ఫాల్స్‌లో ఏమీ రాదు. వారంవారం చేసే టెస్టులో తెరమీద అక్షరాలు వెయ్యక్కర్లేదు, కాబట్టి అక్కడా దొరక్కపోవచ్చు. హబ్‌లో కూర్చున్నవాడి ముందు ఆరు తెరలూ చిన్నచిన్న గళ్లలో ఉంటాయి. ఊళ్లో ఉన్నవాడైతే కిటికీలోంచి మబ్బు చూసి "మన తెరమీద ఏదీ?" అని అడుగుతాడు.

కిరణ్: రాత్రి రెండింటికి ఆ కిటికీ దగ్గర ఎవరున్నారు? చిన్న స్టేషన్లో ఒక్కరూ ఉండరు. హబ్‌లో మనిషి మేలుకునే ఉంటాడు.

అత్తయ్య: అది నిజం. ఒప్పుకుంటున్నాను.

కిరణ్: ఇక డబ్బు. ఒకప్పుడు సీబీఎస్ లాంటి జాతీయ నెట్‌వర్కే స్టేషన్లకి ఎదురు డబ్బిచ్చేది. ఇప్పుడు స్టేషన్‌ని తమ చందాదారులకి చూపించుకున్నందుకు కేబుల్, శాటిలైట్ కంపెనీలిచ్చే రుసుములోంచి స్టేషనే ఆ జాతీయ నెట్‌వర్క్‌కి కట్టాలి. ఆ రుసుము చందాదారుల లెక్కన వస్తుంది. ఇక్కడ చందాదారులెందరు?

అత్తయ్య: అందరికీ కేబుల్ ఉందా? కొండల మధ్య లోయల్లో ట్రాన్స్‌లేటర్లే దిక్కు, అదే స్టేషన్ సిగ్నల్‌ని పట్టి మళ్లీ ప్రసారం చేసే చిన్న రిలే టవర్లు.

కిరణ్: వాటిలో చాలావాటిని స్థానిక టీవీ డిస్ట్రిక్టులు పన్ను డబ్బుతో నడుపుతున్నాయి. గ్రూపు ఖర్చులో ఎందుకు కలుపుతారు?

అత్తయ్య: అది పట్టుకునే సిగ్నల్ స్టేషన్‌దేగా! కొండమీది రిసీవింగ్ యాంటెన్నాకి మంచు పట్టి సిగ్నల్-నాయిస్ నిష్పత్తి (రొదతో పోలిస్తే సిగ్నల్ బలం) 15 డెసిబెల్స్ కంటే తగ్గితే చాలు, బొమ్మ మొత్తం ఆగిపోతుంది. అనలాగ్ రోజుల్లో చుక్కలతోనైనా కనబడేది. ఫోనొచ్చినప్పుడు లోపం ట్రాన్స్‌మిటర్‌దా, కొండదా అని తేల్చే ఇంజనీరు దగ్గర్లో ఉండాలా వద్దా?

కిరణ్: ఇంజనీర్ని ఉంచండి. నేనడిగేది కంట్రోల్ రూమ్ గురించి.

అత్తయ్య: సరే, అర్ధరాత్రి నుంచి తెల్లవారు నాలుగింటిదాకా హబ్‌కే ఇచ్చెయ్. సాయంత్రం బులెటిన్, వాతావరణం మాత్రం ఊళ్లోంచే రావాలి.

కిరణ్: జీతాలెవరిస్తారండీ?

అత్తయ్య: కొన్నవాళ్లే. 2019లో స్క్రిప్స్ అనే మీడియా కంపెనీ ఈ స్టేషన్లతో కలిపి 15 స్టేషన్లకి 52.1 కోట్ల డాలర్లు పెట్టింది. ఈ ఊళ్లు ఎంత చిన్నవో బేరమాడినప్పుడే తెలుసు వాళ్లకి.