మాత్రతో పాటే మెతుకు

రేషన్ దుకాణం ముందు లారీ నుంచి దించే బియ్యం బస్తా బరువు 50 కిలోలు. ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర గనియారీలో జన స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ పేదలకు వైద్యం చేస్తోంది. అక్కడికి క్షయతో వచ్చిన దాదాపు 1,700 మంది పెద్దలను తూచి, ఆ లెక్కలను వైద్యులు 2013లో ప్రచురించారు. మగవారిలో సగం మంది 42 కిలోలు దాటలేదు. ఆడవారిలో సగం మంది 34 కిలోలకు మించలేదు. బియ్యం బస్తాకన్నా 16 కిలోలు తక్కువ తూగే మనిషికి ఆరు నెలల మందులు చేతిలో పెట్టి, పరగడుపున మరిచిపోకుండా వేసుకోమని చెప్పి పంపడాన్ని మనం వైద్యం అంటున్నాం.

క్షయ అంటేనే తరిగిపోవడం. రోగం మనిషిని తినేస్తుందని పాతకాలం వారికీ తెలుసు. తిండి లేకపోవడమే రోగాన్ని పిలుస్తుందా అన్న ప్రశ్నకు మాత్రం గట్టి పరీక్షతో జవాబు రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది. డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవీ భార్గవల బృందం జార్ఖండ్‌లోని నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగుల ఇళ్లను ఎంచుకుంది. రోగులందరికీ నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె కలిపి పది కిలోల సరుకు, విటమిన్ మాత్రలు అందించారు. తేడా అంతా ఇంట్లోని మిగతావారి విషయంలోనే. ఒక వర్గం ఇళ్లలో వారికి కూడా తలా ఐదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు ఇచ్చారు. రెండో వర్గంలో ఇవ్వలేదు. రెండు వైపులా కలిపి 10,345 మంది కుటుంబ సభ్యులను గమనించగా, సరుకు అందిన ఇళ్లలో కొత్తగా క్షయ సోకడం 39 శాతం తగ్గింది. తెమడ పరీక్షల్లో నిర్ధారణ అయ్యే ఊపిరితిత్తుల క్షయ, అంటే పక్కవారికి అంటించే రకం, 48 శాతం తగ్గింది. ఈ పని చేసింది కొత్త మందు కాదు. పప్పన్నం.

కొన్నేళ్ల క్రితం ప్రాథమిక పరీక్షల్లో సుమారు 50 శాతం రక్షణ చూపిన ఎం72 అనే క్షయ టీకాపై ఇప్పుడు తుది దశ ప్రయోగాలు సాగుతున్నాయి. వాటికి కేటాయించిన సొమ్ము 55 కోట్ల డాలర్లు. టీకా కావలసిందే, ఆ ఖర్చు వృథా అని మేము అనడం లేదు. ప్రయోగాల్లోని మనుషులు వేరు, పరిస్థితులు వేరు కాబట్టి ఈ రెండు అంకెలను ఒకే తక్కెడలో తూచకూడదన్నదీ నిజమే. అయినా ఒకదానికి అంత హడావుడి, రెండోదానికి ఇంత నిశ్శబ్దం ఎందుకన్నది అడగవలసిన ప్రశ్నే.

ఆ నిశ్శబ్దం వెనుక మద్రాసు కథ ఒకటి ఉంది. మందులు రాకముందు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల్లో చికిత్స అంటే మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన తిండి. మందులు వచ్చాక మద్రాసులో వైద్యులు రోగులను రెండు జట్లు చేశారు. ఒక జట్టు శానిటోరియంలో, మరొకటి ఇరుకిళ్లలో అవే మందులు వాడింది. శానిటోరియంలో ఉన్నవారు తిండి వల్ల ఎక్కువ బరువు పెరిగారు. కానీ క్షయ తగ్గడంలో రెండు జట్లకూ పెద్ద తేడా కనబడలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితం ప్రపంచమంతటా శానిటోరియాల తలుపులు మూయించింది. లక్షలాది పేదలు ఇంటి దగ్గరే మందులు వాడి బతికారు. గొప్ప మేలే జరిగింది. అయితే ఆ అధ్యయనం తేల్చింది ఇంట్లో ఉన్నా మందు పని చేస్తుందని. విన్నవారికి మాత్రం అది తిండితో పని లేదన్నట్టు వినబడింది. పస్తులున్న ఇంట్లో రోగి పక్కన పడుకునే పిల్లవాడి మాట అక్కడితో మరుగున పడింది.

జార్ఖండ్ ఫలితాలపై అభ్యంతరాలు లేకపోలేదు. అది ఒక్క రాష్ట్రం, అందులోనూ తిండికి బాగా కటకటలాడే ప్రాంతం. అంతో ఇంతో తిని బతికే జిల్లాల్లో ఇంత ఫలితం రాకపోవచ్చు. రోగులందరికీ సరుకు అందింది కాబట్టి, వారి మరణాలు తగ్గడం గురించి పోల్చి చెప్పడానికి వేరే జట్టు లేదు. మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగిన వారిలో చావు ముప్పు 61 శాతం తక్కువగా ఉందన్న లెక్కను ఈ ఎరుకతోనే చదవాలి: తిండి వల్ల కోలుకున్నారా, కోలుకోవడం వల్ల తిన్నారా అన్న సందేహం కొంత మిగులుతుంది. మందులు పడ్డాక రోగికి ఆకలి పుంజుకుంటుందన్నది క్షయ వార్డుల్లో పని చేసిన వారందరికీ తెలిసిన విషయం. ఆ ఆకలి వేళకు కుండలో ఏముందన్నదే అసలు సంగతి. ఖాళీ కడుపున మాత్రలు వికారం పుట్టిస్తే ‘మందు వేడి చేసింది’ అని మానేసేవారు ఎందరో.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనలేం. నిక్షయ్ పోషణ్ యోజన కింద రోగి ఖాతాలో 2018 నుంచి నెలకు 500 రూపాయలు వేశారు. 2024 నవంబరు నుంచి దాన్ని వెయ్యికి పెంచారు. బాగా చిక్కిపోయిన రోగులకు తొలి రెండు నెలలు అదనపు బలవర్ధక ఆహారం ప్రకటించారు. రోగి ఇంట్లోవారి సరుకు మాత్రం నిక్షయ్ మిత్రలకు, అంటే దాతలకు అప్పగించారు. మా అభ్యంతరం ఇక్కడే. మాత్రలను దాతల దయకు వదలని ప్రభుత్వం, మందంత పని చేసే పప్పును ఎలా వదిలింది? దాత ఉన్న ఊళ్లో సరుకుల బుట్ట వస్తుంది, లేని తండాకు రాదు. నగదు సంగతి కూడా అంతంతమాత్రమే. ఖాతాలో ఆలస్యంగా పడే సొమ్ము అప్పులకో ఆటో కిరాయికో పోతుంది తప్ప పప్పు డబ్బాలోకి చేరుతుందన్న నమ్మకం లేదు.

సరుకు పంచే దారులు తెలుగు రాష్ట్రాలకు కొత్త కాదు. తెలంగాణలో రేషన్ కార్డుపై మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం ఇస్తున్నారు. అంగన్‌వాడీలు గర్భిణులకు గుడ్డు, పాలు అందిస్తున్నాయి. బియ్యం చేరుతోంది. కొరత మాంసకృత్తులదే. క్షయ నిర్ధారణ అయిన రోజే ఆ ఇంటి కార్డును గుర్తించి, ఆరు నెలల పాటు తలా కిలోన్నర కందిపప్పు, అంగన్‌వాడీ నుంచి గుడ్లు ఇవ్వడానికి కొత్త శాఖ అక్కర్లేదు. జార్ఖండ్‌లో బియ్యం, పప్పు కలిపి ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు అయిన ఖర్చు నాలుగు వందల లోపే. ఇక్కడ బియ్యం ఎలాగూ అందుతోంది.

2025 నాటికి క్షయను తుదముట్టిస్తామన్న గడువు దాటిపోయింది. దేశంలో లక్ష జనాభాకు 2015లో 237గా ఉన్న కొత్త కేసులు 2024కు 187కు దిగాయి. తగ్గుదల నిజమే, గమ్యం మాత్రం దూరంగానే ఉంది. మరో గడువు ప్రకటించే ముందు రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఒక చిన్న పని చేయాలి. ఆశా కార్యకర్త మందులు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు తూకం యంత్రాన్నీ వెంట తీసుకెళ్లాలి. రోగితో పాటు అతని తల్లిని, భార్యను, పిల్లలను కూడా దాని మీద నిలబెట్టి ఆ అంకెలు రాసుకోవాలి. రెండు నెలలు తిరిగాక మళ్లీ తూచాలి.