శ్రీలంకలో హెచ్‌ఐవీ పరీక్షలు అనవసరమా?
శ్రీలంకలో పెద్దవారిలో హెచ్‌ఐవీ వ్యాప్తి 0.1 శాతం లోపే ఉంది కనుక అక్కడ విస్తృతంగా పరీక్షలు జరపడం వృథా వ్యయమన్న వ్యాసకర్త వాదనతో నేను ఏకీభవించలేను. సోకిన తరువాత ఏళ్ల తరబడి లక్షణాలు కనిపించని ఈ వ్యాధిలో, నమోదైన కేసుల సంఖ్య మనం ఎంతమందిని పరీక్షించామన్న దానిపైనే చాలావరకు ఆధారపడి ఉంటుంది. తిరుపతిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసిన కాలంలో, క్షయ బయటపడిన తరువాతే తమకు హెచ్‌ఐవీ ఉందని తెలుసుకున్నవారిని, అప్పటికే సీడీ4 కణాలు (రోగనిరోధక శక్తికి కీలకమైన తెల్ల రక్తకణాలు) మైక్రోలీటర్ రక్తానికి 200 కంటే దిగువకు పడిపోయినవారిని ఎందరినో చూశాను. వారిలో కొందరి భార్యలకు ఆ రోజు వరకు ఎవరూ పరీక్షే చేయలేదన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. తల్లి నుంచి బిడ్డకు సంక్రమణను నిర్మూలించినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో శ్రీలంకకు ధ్రువీకరణ ఇవ్వగలిగిందంటే, వ్యాప్తి అంత తక్కువగా ఉన్నా గర్భిణులకు విస్తృతంగా పరీక్షలు చేయడం వల్లనే.