గ్రహాల పహాణీలో అనుభవదారు కాలమ్ ఏది?

ట్రావెలర్ ఆడేవాళ్లకు గ్రహాల కోడ్ గురించి కొత్తగా చెప్పాల్సింది లేదు. 1977లో మార్క్ మిల్లర్ రూపకల్పనలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ తెచ్చిన ఈ అంతరిక్ష రోల్‌ప్లేయింగ్ ఆట (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా ఆడేది) ఒక గ్రహం మొత్తాన్ని ఎనిమిది గుర్తుల్లో ఇమిడ్చేస్తుంది. అంతరిక్ష రేవు, గ్రహం సైజు, గాలి, నీళ్లు, జనాభా, ప్రభుత్వం, చట్టం బిగింపు, సాంకేతిక స్థాయి. గాలి, నీళ్లు కొలిచే గడులతో నాకు పేచీ లేదు. ఆరో గడి, అంటే ప్రభుత్వం గడి మాత్రం పునాదిలోనే తప్పుగా కట్టింది. ఎడిషన్లు మారినా ఆ తప్పు అలాగే కొనసాగుతోంది. గ్రహాంతర జాతుల దగ్గరికి వచ్చేసరికి మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఆ గడి అడిగే ప్రశ్న ఒక్కటే: గద్దె మీద ఎవరున్నారు? సరుకు ఓడ దించిన వ్యాపారికి కావాల్సినవి వేరే ప్రశ్నలు. నన్ను ఆపగలిగేది ఎవరు? పన్ను ఎవరి చేతిలో పెట్టాలి? అన్యాయం జరిగితే ఎవరి గుమ్మం ఎక్కాలి? హైదరాబాద్‌లో ఏ ఆదివారం ఆట చూసినా ఇదే వరస. రిఫరీ, అంటే ఆట నడిపించేవాడు, కాగితం చూసి "ప్రభుత్వం 4, ప్రాతినిధ్య ప్రజాస్వామ్యం" అంటాడు. ఆడే పిల్లవాడు వెంటనే "సరే అన్నా, పర్మిట్ ఎవరిస్తరు?" అని అడుగుతాడు. కాగితంలో దానికి జవాబు ఉండదు. రిఫరీ అక్కడికక్కడ ఏదో కల్పించాలి. ఆటలో అందరికన్నా ముందు వచ్చే ప్రశ్నకు జవాబివ్వలేని కోడ్ వర్గీకరణ ఎలా అవుతుంది?

పట్టిక సున్నాతో మొదలవుతుంది, అంటే ప్రభుత్వమే లేదు. 1 అంటే కంపెనీ పాలన, 2 అంటే జనం నేరుగా పాల్గొనే ప్రజాస్వామ్యం, 3 అంటే తమను తామే కొనసాగించుకునే కొద్దిమంది పాలన. 5 భూస్వామ్య సాంకేతిక వ్యవస్థ, 6 ఇంకొకరి చెరలో ఉన్న ప్రభుత్వం, 7 ముక్కలైన గ్రహం, 8, 9 అధికార గణాల పాలన, ఆ పైన నియంతలు, మతాధిపతులు. వేసే పద్ధతి కూడా తెలిసిందే: రెండు పాచికల మొత్తంలోంచి 7 తీసి, జనాభా అంకె కలపాలి. దీని అసలు లోపం తర్వాతి మెట్టులో బయటపడుతుంది. చట్టం బిగింపుకు మళ్లీ రెండు పాచికలు వేసి, 7 తీసి, ప్రభుత్వం అంకె కలుపుతారు. అంటే జాబితాలో వరస కోసం పెట్టుకున్న నంబరు ఉన్నట్టుండి కొలత అయిపోయింది. ప్రజాస్వామ్యం 4 కాబట్టి అక్కడ చట్టం సగటున 4, నియంత 10 కాబట్టి అక్కడ 10. గద్దె మీద ఎవరున్నారో తెలిస్తే వీధిలో ఏం జరుగుతుందో తెలిసిపోతుందన్న రాజకీయ సిద్ధాంతాన్ని ఆ చిన్న కూడిక లోపల దాచారు.

ఆ సిద్ధాంతం మన ఊళ్లోనే నిలబడదు. తొలి ఎడిషన్‌లో చట్టం బిగింపు ప్రధానంగా ఆయుధాల నిషేధాల జాబితా. 4 దగ్గర తేలికపాటి దాడి ఆయుధాలు బంద్, 7 దాకా వెళ్తే షాట్‌గన్లు కూడా బంద్, 9 దగ్గర ఇల్లు దాటి ఏ ఆయుధమూ పట్టుకెళ్లకూడదు. ఈ లెక్కన ప్రాతినిధ్య ప్రజాస్వామ్యమైన భారతదేశంలో జేబులో పిస్తోలు పెట్టుకుని తిరగొచ్చు. మనకేమో 1959 ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు లేకుండా తుపాకీ ఇంట్లో ఉండటమే నేరం. ఇక పందొమ్మిదో శతాబ్దపు హైదరాబాద్ చూడండి. నిజాం నిరంకుశ పాలకుడు, పట్టిక ప్రకారం వీధిలో కత్తి కూడా కనిపించకూడదు. అప్పటి నగరంలో కూలికి వచ్చిన అరబ్బు, రోహిల్లా సిపాయిలు బాహాటంగా ఆయుధాలతో తిరిగేవారు. ప్రతి పెద్ద అమీరుకూ సొంత సైన్యం ఉండేది. అరబ్బు జమేదార్లు సిపాయిలే కాదు, సర్కారుకే అప్పులిచ్చిన షావుకార్లు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ వాళ్లను అదుపులోకి తేవడానికి ఏళ్ల తరబడి కష్టపడాల్సి వచ్చింది. ప్రజాస్వామ్యానికి చట్టం బిగువు, నిరంకుశానికి చట్టం వదులు. పట్టిక రెండు చోట్లా తలకిందులైంది.

హైదరాబాద్ ఉదాహరణ నేను ఊరి మీద మమకారంతో ఎత్తుకోలేదు. ప్రభుత్వాన్ని ఒక్క గడిలో పెట్టడం ఎందుకు కుదరదో ఈ రాజ్యం కన్నా స్పష్టంగా చూపించేది నాకు కనపడలేదు. 1798 సైన్య సహకార ఒప్పందంతో విదేశీ వ్యవహారాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. కోఠీలో, తర్వాత ఉమెన్స్ కాలేజీ అయిన భవనంలో, బ్రిటిష్ రెసిడెంట్ కూర్చున్నాడు. హుస్సేన్‌సాగర్ అవతల 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఊరుగా వెలిసింది. లోపల చూస్తే భూమిలో సుమారు 60 శాతం దివానీ, అంటే నేరుగా సర్కారు పాలన, కింద, 30 శాతం దాకా జాగీర్ల కింద, మిగతాది నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న సర్ఫ్-ఎ-ఖాస్ కింద ఉండేది. జాగీర్లలో పాయిగా అమీర్ల ఎస్టేట్లది ఒక ప్రత్యేక హోదా. గద్వాల, వనపర్తి లాంటి సంస్థానాలది ఇంకో దారి.

1900 ప్రాంతంలో గద్వాల నుంచి చీరల మూటతో బయల్దేరిన వ్యాపారిని ఊహించుకోండి. సంస్థానం దాటి దివానీ తాలూకాలోకి వచ్చాడు. దారిలో జాగీరు పల్లె తగిలింది, అక్కడ జాగీర్దారు మనుషులు. నగరంలో కొత్వాలు. రెసిడెన్సీ బజార్లో అడుగు పెడితే రెసిడెంట్ అధికారం. చెరువు గట్టు దాటితే కంటోన్మెంట్ చట్టం. దారి పొడవునా రాజు ఒక్కడే, చేతులు మాత్రం మారిపోతూ వచ్చాయి. దీనికి ఏ అంకె వేస్తారు? వంశపారంపర్యం చూసి 3 వేసేవాళ్లుంటారు. ఒప్పందం చూసి 6 వేయొచ్చు. తేల్చుకోలేనివాళ్లు 7 వేసేస్తారు.

7 వేయడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. 7 అంటే కేంద్ర అధికారం లేదని, పోటీ ప్రభుత్వాలు గ్రహం కోసం కొట్టుకుంటున్నాయని అర్థం. హైదరాబాద్‌లో గద్దె కోసం జాగీర్దారు నిజాంతో పోటీ పడలేదు. అందరూ ఒకే గద్దెకు సలాం చేశారు, ఎవరి హద్దులో వాళ్లు ఏలుకున్నారు. అధికారం పలు చేతుల్లో ఉండటాన్ని ఈ పట్టిక రోగంగా చూస్తుంది. మనుషుల చరిత్రలో చాలా భాగం అలాగే నడిచింది. 1వ నంబరు సంగతీ ఇంతే. కంపెనీ పాలనలో జనం చాలావరకు కంపెనీ ఉద్యోగులేనని పట్టిక ఊహ. ఉత్తర సర్కారులను ఏలిన కంపెనీ కింద ఉన్నది రైతులు, నేతగాళ్లు. వాళ్లలో జీతం తీసుకున్నవాళ్లు ఎంతమంది?

ఇప్పుడు గ్రహాంతర జాతుల దగ్గరికి వద్దాం. ఆటలోని ఆస్లాన్ల సంగతి తీసుకోండి. సింహాల పోలికతో కనిపించే ఆ జాతిలో మగవాళ్లకు భూమే సర్వస్వం. గౌరవం, యుద్ధం, వంశం పేరు వాళ్లవి. వ్యాపారం, లెక్కలు, పరిశ్రమలు, డబ్బుతో ముడిపడినవన్నీ ఆడవాళ్లవి. డబ్బు విలువ మగ ఆస్లాన్‌కు సరిగా అర్థం కూడా కాదు. మరి ఆస్లాన్ గ్రహాన్ని ఏలేది ఎవరు? మామూలు పట్టిక చాలదని గ్రహించి వీళ్ల కోసం కొత్త కోడ్ అక్షరాలు చేర్చారు: వంశాలు పంచుకున్న పాలన, ఒకే వంశం పాలన, సామంత వంశం పాలన, ఇలా. ఏ వంశం అన్నదాకే వెళ్లి ఆగిపోయారు. వంశ పెద్ద పేరుతో ఉన్న భూమి మీద రేవు సుంకం నిర్ణయించేది, సరుకు కొనేది, ఒప్పందం రాసేది అతని భార్యలు, ఇంటి ఆడవాళ్లు. ఓడ దిగిన మనిషి వంశ పెద్దకు ఎంత వంగి నమస్కారం పెట్టినా సరుకు కదలదు. ఆ జాతి జీవితంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన సంగతి, కథ పుట్టే చోటు, కోడ్‌లో ఎక్కడా లేదు.

వార్గర్ల దగ్గర ఇంకో రకం చిక్కు. తోడేళ్ల వంశం నుంచి వచ్చిన ఆ జాతిలో నాయకత్వం ఆకర్షణ మీద నడుస్తుంది. నిన్నటి నాయకుడి వెనక ఉన్నవాళ్లు ఇవాళ ఇంకొకడి వెనక పోతారు. డ్రోయిన్లకేమో పుట్టాక కులం నిర్ణయమవుతుంది, పాలించేది నాయక కులం. అక్కడ ప్రభుత్వం ఏదని అడగడం కన్నా కులం నిర్ణయించే తంతు ఎవరి చేతిలో ఉందని అడగడం ముఖ్యం. మూడు జాతులు, మూడు రకాల అధికారాలు. అన్నిటినీ గద్దె ఆకారం చూసే కొలుస్తున్నాం.

దీనికి ఈ పట్టికను సమర్థించేవాళ్ల సమాధానం నాకు తెలుసు. ఒక సబ్‌సెక్టార్‌లో, అంటే అంతరిక్ష పటంలోని ఒక ముక్కలో, 80 గడులుంటాయి, సగం గ్రహాలతో నిండుతాయి. రిఫరీ ఒక్క సాయంత్రంలో అన్నీ తయారు చేసుకోవాలి, అంకె ఒక సూచన, మిగతాది ఊహకు వదిలేశారు అంటారు. తర్వాతి ఎడిషన్లలో వర్గాలను చేర్చారు కదా, అధికారం కేంద్రీకృతమా, సమాఖ్యా అన్నది కూడా వేరే పుస్తకాల్లో విడమర్చారు కదా అంటారు. తొందర అవసరమే, ఒప్పుకుంటాను. ఆ వర్గాలు మాత్రం ప్రభుత్వానికి పోటీదారులుగా వచ్చాయి, పాలించే చేతులుగా రాలేదు. కేంద్రీకరణ లెక్కలు కూడా గద్దె లోపలి అమరికనే చెబుతాయి. ఊహకు వదిలేశామంటే కుదరదు, ఊహ ఎటు పోవాలో ఆ అంకే చెబుతోంది కదా.

నేను అడిగేది ఒక్క గుర్తు ఎక్కువ. పాత పహాణీలో, అంటే ఊరి భూమి రికార్డులో, పట్టాదారు కాలమ్ ఒకటి, అనుభవదారు కాలమ్ ఒకటి ఉండేవి. భూమి ఎవరి పేర ఉంది, ఎవరు దున్నుతున్నారు, ఈ రెండూ వేర్వేరు సంగతులని ఆ కాగితం ఒప్పుకుంది. గ్రహానికీ అలాగే రాయండి. పట్టాదారు అంకె ఇప్పుడున్న పద్ధతిలోనే వేయండి. తర్వాత ఇంకోసారి రెండు పాచికలు వేయండి. 7 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే అనుభవదారూ అదే. 8, ఆపైన పడితే అదే పట్టిక మీద మళ్లీ వేసి రెండో అంకె రాయండి. చట్టం బిగింపును ఈ రెండో అంకె నుంచి లెక్కగట్టండి.

వేసి చూపిస్తాను. జనాభా అంకె 5, అంటే లక్షల్లో జనం. పాచికలు 6 పడ్డాయి. 6లోంచి 7 తీసి 5 కలిపితే 4, ఎన్నికైన సభ. రెండో కాలమ్ పరీక్షలో 9 పడింది, కాబట్టి మళ్లీ వేయాలి. 3 పడింది, 1 వచ్చింది, అంటే కంపెనీ. చట్టానికి 8 పడితే, 7 తీసి 1 కలిపితే 2. పాత పద్ధతిలో అదే పాచికతో 5 వచ్చేది. ఇప్పుడు గ్రహం చూడండి: సభ ఉంది, ఓట్లు పడతాయి, జెండా ఎగురుతుంది. గని కంపెనీ గేటు దగ్గర గార్డు ఊ అంటేనే ఓడ దిగుతుంది. రేవులో లేజర్లు తప్ప మామూలు తుపాకులన్నీ నడుస్తాయి, కంపెనీకి కావాల్సింది అదే. "పర్మిట్ ఎవరిస్తరు" అన్న ప్రశ్నకు రిఫరీ దగ్గర జవాబు ఉంది, సభ్యుడు ఒకరకంగా, కంపెనీ మేనేజరు ఇంకోరకంగా చెప్పే కథా ఉంది. ఇదేదో దూరపు ఊహ అనుకోవద్దు. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామికవాడల్లో ఆస్తిపన్ను వసూలు, అనుమతుల లాంటి స్థానిక సంస్థ పనులు ఐలాల (పారిశ్రామికవాడల సొంత స్థానిక అధికార సంస్థల) చేతిలో ఉంటాయి. పక్క వీధి మున్సిపాలిటీది, ఈ వీధి ఐలాది.

ఆట గురించి ఇంత పట్టుదల ఎందుకని అడిగితే, కాలమ్ తీసేస్తే ఏమవుతుందో తెలంగాణలో కళ్లారా చూశాం. 2020లో ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ ఎగిరిపోయింది. రికార్డు శుభ్రమైందన్నారు. కాగితం మీద భూమికి ఒకే పేరు మిగిలింది, చేలో ఉన్న కౌలు రైతు పేరు ఎక్కడా లేకుండా పోయింది. అంతకుముందే, 2018లో మొదలైన రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలోకే వెళ్లింది. ఎకరానికి సీజన్‌కు 4,000 రూపాయలతో మొదలైన ఆ సాయం, విత్తనం కొన్నవాడికి కాక పాసుబుక్కు ఉన్నవాడికి అందింది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసుకున్నాం. దున్నేవాడికంటూ గుర్తింపు ఉండాలని అప్పుడు ఒప్పుకున్న రాజ్యమే తర్వాత గడిని చెరిపేసింది. గడి లేకపోతే మనిషి లేడు. దాఖలాలో లేని మనిషికి బ్యాంకులో అప్పు లేదు, పంట పోతే పరిహారం లేదు.

1946-51 మధ్య, సాయుధ పోరాట కాలంలో, నల్లగొండ, వరంగల్ పల్లెల చరిత్ర కూడా అనుభవదారు కాలమ్ చరిత్రే. 1948 దాకా హైదరాబాద్‌లో గద్దె మీద నిజాం. ఊళ్లో వెట్టి చేయించేది, శిక్ష వేసేది దొర గడీ, అంటే అతని కోట లాంటి ఇల్లు. ఊరు ఆంధ్ర మహాసభ సంఘం చేతికి వచ్చాక భూమి పంచిందీ, తగువు తీర్చిందీ సంఘమే. ఆ పల్లెల్లో బతికినవాళ్లను ప్రభుత్వం ఏదని అడిగితే నిజాం పేరు మూడో జవాబుగా వచ్చేది. స్కూల్లో మన పిల్లలకు మాత్రం ప్రభుత్వ రూపాలంటే రాచరికం, ప్రజాస్వామ్యం, నియంతృత్వం అని ఇంకా బట్టీ పట్టిస్తున్నాం.

అలా బట్టీ పట్టిన పిల్లల్లో కొందరు ఇవాళ మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో గేమ్ స్టూడియోల్లో పని చేస్తున్నారు. ఇంకొందరు ప్రభుత్వ పోర్టళ్లకు ఫారాలు రాస్తున్నారు. రెండు చోట్లా ఎవరికి ఏ గడి ఇవ్వాలో తేల్చేది వాళ్ల వేళ్లే. కాబట్టి తెలుగులో గ్రహాలు తయారు చేసే రిఫరీలకు నా మాట: వచ్చే ఆటలో ఆరో గడి పక్కన ఇంకో గడి గీయండి. ముందుగా ఆస్లాన్ గ్రహం ఒకటి తీసుకోండి. పట్టాదారు గడిలో వంశ పెద్ద పేరు రాసి, అనుభవదారు గడిలో ఆ ఇంటి లెక్కలు చూసే ఆమె పేరు రాసి, ఆటగాళ్ల ఓడను అక్కడ దించండి.