సొంతూళ్లో పోస్టింగ్ అయితే జీతం తగ్గాలా?

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్న మా పిన్ని కొడుక్కి రుషికొండలోని ఒక ఐటీ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. హెచ్‌ఆర్ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "మీది వైజాగే కదండీ, ఇల్లు ఉండే ఉంటుంది. ఇంక ఊరు మారినందుకు ఇచ్చే రిలొకేషన్ డబ్బు దేనికి సార్? ఖర్చులు కూడా అక్కడికంటే తక్కువే కదా" అంది. వాడు "అవునండీ" అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత నాకు ఫోన్ చేసి, "అడగాలనే ఉంది అన్నయ్యా, నోరు రాలేదు" అన్నాడు.

ఇలా ఊరుకున్నవాళ్లు నాకు తెలిసే నలుగురైదుగురు ఉన్నారు. విశాఖకు 2023లో ఇన్ఫోసిస్ వచ్చింది. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు రుషికొండలో 21.16 ఎకరాలను 99 పైసలకే ఇవ్వడానికి కేబినెట్ ఒప్పుకుంది. ఆ తర్వాత కాగ్నిజెంట్‌కూ అదే ధర. అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. భూములూ రాయితీలూ ఇస్తున్నది ఉద్యోగాల పేరు చెప్పే. పిల్లలు ఇంటికి తిరిగొస్తారని ఇక్కడి అమ్మానాన్నలు ఎదురుచూస్తున్నారు. ఆ ఆశనే చూపించి ఏ కంపెనీ అయినా జీతంలో కోత పెడితే అది అన్యాయమే. పని అదే, అనుభవం అదే, క్లయింటు కూడా అదే.

ఇల్లు మారే ఖర్చు సొంతూరైనా తప్పదు. మావాడు కాగితం మీద రాసుకున్నాడు. డబుల్ బెడ్‌రూమ్ సామాను తెచ్చినందుకు ప్యాకర్స్ వాళ్లకు 38 వేలు. అక్కడ ఓనరు పెయింటింగ్‌కని పట్టుకునే నెల అద్దె. పాపకు కొత్త స్కూల్లో అడ్మిషన్ ఫీజు. అమ్మావాళ్ల ఇల్లు గాజువాకలో, ఆఫీసు రుషికొండలో. రోజూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు తిరగలేక మధురవాడలో అద్దెకు దిగాల్సిందే. దానికి అడ్వాన్స్ వేరు. అన్నిటికంటే పెద్ద దెబ్బ, భార్య ఉద్యోగం మానేయాల్సి రావడం. దాన్ని ఏ హెచ్‌ఆర్ లెక్కలోనూ నేను చూడలేదు.

ఇక సీటీసీ, అంటే కంపెనీ ఏడాదికి మన మీద పెట్టే మొత్తం ఖర్చు. 12 లక్షలంటే నెలకు లక్ష అనుకుంటాం. బేసిక్ అందులో సగం, అంటే 6 లక్షలు అనుకుందాం. దాని మీద కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, 72 వేలు. గ్రాట్యుటీ 4.81 శాతం, 28,860. ఇది మామూలుగా అయిదేళ్లు పనిచేస్తేగానీ చేతికి రాదు. వేరియబుల్, అంటే పనితీరును బట్టి ఇచ్చేది, 10 శాతం పెడితే మరో 1.2 లక్షలు పక్కకు పోతాయి. మిగిలింది నెలకు 81,595. అందులో మన వాటా పీఎఫ్ 6 వేలు, వృత్తి పన్ను 200 పోతే, ఇన్‌కమ్ ట్యాక్స్ పడకపోయినా చేతికొచ్చేది 75 వేల పైచిలుకే. అందుకే బేరం సీటీసీ మీద కాదు, ఫిక్స్‌డ్ మీద, అంటే నెలనెలా తప్పక వచ్చే జీతం మీద చెయ్యాలి.

ఆఫర్‌కు ఓకే చెప్పాక అడిగితే ఎవరూ పట్టించుకోరు. సంతకం పెట్టకముందే, ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో, అంకెలతో అడగాలి. జీతం గ్రేడ్‌కు కట్టుబడి ఉంటుంది కాబట్టి దాన్ని కదపడం వాళ్లకు కష్టం. సామాను ఖర్చు, జాయినింగ్ బోనస్, నోటీస్ పీరియడ్ బైఅవుట్ (నోటీసు గడువు పూర్తి చేయకుండా వచ్చేందుకు పాత కంపెనీకి కట్టే డబ్బు) ఒక్కసారి ఇచ్చేవి కాబట్టి వీటిని ఒప్పించడం కొంత తేలిక. ఏడాదిలోపు మానేస్తే ఈ డబ్బు తిరిగి కట్టాలనే షరతు చాలా లెటర్లలో ఉంటుంది. మొత్తమా, మిగిలిన నెలల లెక్కనా అన్నది అప్పుడే రాయించుకోవాలి.

మావాడు రెండు రోజులు టెన్షన్ పడి చివరికి ఆరు లైన్ల మెయిల్ పెట్టాడు. ప్యాకర్స్ కొటేషన్ జతచేశాడు. ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమోనని వాడి భయం. నాలుగో రోజు జవాబొచ్చింది. జీతం పైసా పెరగలేదు. బిల్లులు చూపిస్తే 50 వేల వరకు, పదిహేను రోజులు గెస్ట్‌హౌస్, పాప పరీక్షలయ్యాక జాయినింగ్. డబ్బు తిరిగి కట్టే షరతు మిగిలిన నెలల లెక్కకు మారింది. పెయింటింగ్‌కని ఓనరు పట్టుకున్న నెల అద్దెకు మాత్రం బిల్లు లేదు. అది వాడి జేబులోంచే పోయింది.